ముఖం లేని బొమ్మ

పిల్లలూ! నా పన్నెండో ఏట మా అమ్మ పోయింది. ఆమె ఫోటో ఒక్కటైనా లేదు. పెద్దయినాక ఆమె బొమ్మ గీయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. ముఖం కుదరక కాగితాలన్నీ చింపేశాను.

2015లో కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతికి వెళ్ళి, అక్కడి మ్యూజియం చూశాను. సుమారు రెండువేల ఏళ్ళనాటి సున్నపురాతి పలకలవి. వాటి మీద జనం చేతులు జోడించి మొక్కుతున్నారు. కాని ఎదుట బుద్ధుడేడీ? ఖాళీ ఆసనమూ, పాదముద్రలూ, బోధివృక్షమూ ఉన్నాయి, అంతే! పూర్వపు శిల్పులు చాలాచోట్ల బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కక, గుర్తులతోనే చూపారు. చెట్టు ఆయన జ్ఞానం పొందినదానికి గుర్తు. చక్రం ఆయన మొదటి బోధకు గుర్తు.

ఇంటికి రాగానే కాగితం తీశాను. చల్లకుండ, కవ్వం, ఎదురుగా ఖాళీ పీట గీశాను. మా అక్కయ్య ఆ బొమ్మ చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "పీట కొంచెం కుండ దగ్గిరికి జరపరా. అమ్మ అంత దూరంగా కూర్చునేది కాదు," అన్నది.

మీరూ మీకు ఇష్టమైనవారి బొమ్మ ముఖం వేయకుండా గీసి చూడండి. ఇంట్లోవాళ్ళు పోల్చుకున్నారా, మీ గుర్తు సరిగా కుదిరినట్టే!