బిందె అడిగిన నా భార్య

ఇది బోధ కాదు. నా ఇంటిలో నేను ఆలస్యంగా నేర్చుకొన్న పాఠము.

నాలుగు సంవత్సరముల క్రితం నా భార్యకు రొమ్ము క్యాన్సరు వచ్చింది. ఆపరేషను చేసి కుడి రొమ్మును, చంకలోని గ్రంథులను తీసివేశారు. కీమో ఇంజెక్షన్లు, కరెంటు వైద్యము కూడా ముగిశాయి. దేవునికి స్తోత్రము చెల్లించి, కొల్లేటి ఒడ్డున నేను సేవ చేస్తున్న గ్రామానికి తిరిగి వచ్చాము.

ప్రేమకొద్దీ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. బిందె ముట్టనివ్వలేదు, చీపురు పట్టనివ్వలేదు. సంఘపు స్త్రీలు "అమ్మగారూ, మీరు లేవకండి" అని వంట కూడా చేసిపెట్టేవారు. చేప, గుడ్డు పనికిరావని పథ్యము పెట్టాము. ఆరు నెలలకు ఆమె బరువు పెరిగింది, భుజము బిగుసుకుపోయింది, రాత్రులు నిద్ర పట్టేది కాదు. స్త్రీల కూటానికి వెళ్ళడం మానేసింది.

తాడేపల్లిగూడెం నుండి చూడవచ్చిన మా వదినగారు, "మరిదిగారూ, మా చెల్లి జబ్బు నుంచి లేచింది. మీరే దాన్ని ఇంకా లేవనివ్వడం లేదు" అన్నారు. ఆ రాత్రి నా భార్య, "ఏమండీ, నాకు జాలి వద్దు. నా బిందె నాకివ్వండి" అని ఏడ్చింది.

మరుసటి వారం ఏలూరులో వ్యాయామము నేర్పే ఆమె దగ్గరకు వెళ్ళాము. గోడమీద వేళ్ళను పైకి పాకించడం నేర్పారు. గ్రంథులు తీసిన చేతితో బరువే ఎత్తరాదని పూర్వం చెప్పేవారట. అమెరికాలో చేయి వాచిన 141 మంది స్త్రీలతో చేసిన పరిశీలన 2009లో వెలువడింది. చేతికి తొడుగు వేసుకొని, తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచినవారికి వాపు ఎక్కువ కాలేదు, బాధలు తగ్గాయి. మేమూ డాక్టరుగారిని అడిగి, నీళ్ళ చెంబుతో మొదలుపెట్టాము. ఇప్పుడు చిన్న బిందె దాకా వచ్చింది.

సాయంత్రము ఇద్దరము చెరువు గట్టున నడుస్తాము. మొదటి రోజు కరెంటు స్తంభము వరకే. ఇప్పుడు రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. పప్పు, ఆకుకూర, పండ్లు, కొరమీను పులుసు తింటుంది. వేపుళ్ళు, తీపి తగ్గించింది. మా అరుగుమీద చుట్ట కాల్చవద్దని పెద్దలను బతిమాలాను. చేప ముల్లు ఆ చేతికి గుచ్చుకొంటే వెంటనే సబ్బుతో కడుగుతుంది. చేయి ఎర్రబడి వేడెక్కినా, జ్వరము వచ్చినా ఆసుపత్రికే. రెండవ రొమ్ముకు ఏటా పరీక్ష మానము. ఆ పరీక్షకు ముందు రాత్రి మాత్రం ఇద్దరికీ నిద్ర ఉండదు.

ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు దేవుడు నిద్రనిచ్చాడు, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తరువాత లేపి నడిపించాడు. నేను రొట్టె ఇచ్చి, నడక సంగతి మరచిపోయాను.

మొన్న స్త్రీల కూటములో ఆమె లేచి, తన గడ్డ సంగతి, దానిని నెలల తరబడి దాచిన సంగతి సిగ్గుపడక చెప్పింది. కూటము ముగిశాక ఒక సహోదరి ఆమెను ప్రక్కకు పిలిచింది. మరునాడు ఇద్దరూ ఏలూరు బస్సెక్కారు.

ప్రియులారా, ఇది అంటుకొనే జబ్బు కాదు. మీ ఇంట ఇటువంటి సహోదరి ఉంటే "కూర్చో" అనే ముందు, "ఏమి చేయాలనుంది?" అని అడగండి.