ఎడారి పాట అక్కర్లేదు

అరబ్బు గుర్రం బరిలోకి అడుగు పెట్టగానే ఎడారి పాట అందుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. డప్పుల మోత, మెలికలు తిరిగే పిల్లనగ్రోవి, మధ్యలో ఎక్కడో ఒంటె గంటలు. కాస్త అభిరుచి ఉన్నవాళ్ళయితే రిమ్‌స్కీ-కోర్సకోవ్ ‘షెహెరజాద్’, లేకపోతే ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమా సంగీతం. రెండూ గొప్పవే, రెండూ నాకిష్టమే. కానీ పోలండు పచ్చికలోనో టెక్సాస్ పశువుల దొడ్డిలోనో పుట్టి పెరిగిన గుర్రానికి దాని పూర్వీకులు అరేబియాలోని నజ్ద్ ఇసుకలో తిరిగారని ఆ పాట అంటగట్టడం ఏం న్యాయం? జర్మనీ హనోవర్ గుర్రం వచ్చినప్పుడు హనోవర్ జానపదాలు ఎవరూ వెతకరు. దాని నడక చూసి సంగీతం వెతుకుతారు. అరబ్బుకు మాత్రం ముందు ఊరు అడుగుతారు, నడక తర్వాత.

నేను చెబుతున్నది డ్రెస్సాజ్ ఫ్రీస్టైల్ సంగతి. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఇసుక బరిలో, సంగీతానికి తగ్గట్టు గుర్రాన్ని నడిపించే విద్య. ఒలింపిక్స్‌లోకి 1996లో, అట్లాంటాలో వచ్చింది. ఆ మొదటిసారి జర్మనీ నుంచి ఇసబెల్ వెర్త్ ‘జిగోలో’ మీద స్వర్ణం గెలిచింది. పైస్థాయి పోటీలో ఒక్కొక్కరికి దక్కేది ఆరు నిమిషాల లోపే. సగం మార్కులు విద్యకు, సగం కళకు. ఆ కళ భాగంలో లయకూ పొందికకూ సంగీతానికీ విడివిడిగా వేస్తారు.

నాలుగు కాళ్ళ లయ అర్థం చేసుకోవడానికి మన తెలుగువాళ్ళకు పెద్ద కష్టం లేదు. వాక్‌లో నాలుగు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి; నాలుగు దెబ్బలు, చక్కని చతురశ్రం. ట్రాట్‌లో ఐమూలగా ఉన్న కాళ్ళు జంటగా పడతాయి, రెండే దెబ్బలు. ఇక క్యాంటర్. ముందు ఒక వెనక కాలు, తర్వాత ఒక వెనకా ఒక ముందూ కలిసి, ఆఖరున రెండో ముందు కాలు. మూడు దెబ్బలు, ఆపైన నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే ఒక్క క్షణం. తిశ్రం వేసే చేతికి ఆ గాలిలోని క్షణం ఎంత విలువైందో తెలుస్తుంది. ఆ క్షణాన్ని పూడ్చేసే సంగీతం, ఎంత ఖరీదైన స్టూడియోలో తయారైనా, క్యాంటర్‌కు పనికిరాదు. ఇక పియాఫ్: ఉన్నచోటే ఉండి, వెనక కాళ్ళ మీదికి బరువు దించుకుని, ట్రాట్‌లాగే జంటజంటగా కాళ్ళెత్తి దించడం. మంచి పియాఫ్ చూస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టే ఉంటాను.

సంగీతం కూర్చేవాళ్ళు చేయాల్సిన మొదటి పని మెట్రోనోమ్ పట్టుకుని బరి పక్కన నిలబడటం. ఈ గుర్రం, ఇవాళ, ఈ ట్రాట్‌లో నిమిషానికి ఎన్ని దెబ్బలు? హనోవర్ లాంటి నిలువెత్తు వార్మ్‌బ్లడ్ గుర్రం 140 దగ్గర హాయిగా సాగుతుంటే, గుర్రాల కొలతలో 15 చేతుల ఎత్తు కూడా లేని అరబ్బు 155 దాటి, ఒక్కోసారి 160 దాకా పోతుంది. అడుగు చిన్నది, లయ చురుకు. దాన్ని బలవంతాన పెద్ద గుర్రపు లయకు సాగదీస్తే ట్రాట్ చచ్చిపోతుంది. పెద్ద గుర్రానికి కూర్చిన పాటను వేగం పెంచి అరబ్బుకు పెడితే పాట చచ్చిపోతుంది. నా మటుకు నాకు ఇక్కడ గాత్రం గుర్రానిది. సంగీతం పక్కవాద్యం. పక్కన కూర్చున్న మృదంగం గాయకుణ్ణి ఈడ్చుకుపోతే మనం కచేరీ మధ్యలో లేచి వచ్చేయమూ?

ఇది కొత్తగా పుట్టిన పట్టింపు కాదు. 1612లో పారిస్ ప్లాస్ రాయల్‌లో పదమూడో లూయీ నిశ్చితార్థ సంబరాలకు సవారీ గురువు ప్లువినెల్ గుర్రాల బ్యాలే నడిపించాడు. 1667లో వియన్నాలో లియోపోల్డ్ చక్రవర్తి పెళ్ళి సంబరాల్లోని గుర్రాల బ్యాలేకు సంగీతం రాసింది ష్మెల్ట్‌సర్ లాంటి ఆస్థాన విద్వాంసుడు. గుర్రం కాళ్ళ కోసమే అక్షరాలా స్వరాలు రాసుకున్న కాలం అది. ఇరవయ్యో శతాబ్దంలో పోర్చుగల్ గురువు నునో ఒలివైరా తన సవారీ శాలలో వెర్దీ ఒపేరాలు మోగుతుండగా సవారీ చేసేవాడు. మరి ఇప్పుడో, సినిమా పాటల ముక్కలు నాలుగు కలిపి కుట్టి, ముక్కకూ ముక్కకూ మధ్య ఒక తాళపు దెబ్బ కొట్టి, అదే కళ అంటున్నారు.

అరబ్బు డ్రెస్సాజ్‌కు పనికిరాదని పండితులు చెప్పే కారణాలు నాకు తెలుసు. పిర్రల వాలు తక్కువ, అందుకని వెనక భాగం కిందికి దిగడం ఆలస్యం. ముందుకాలు విసిరే దూరం తక్కువ, సాగిన ట్రాట్‌లో హనోవర్ గుర్రానికి సాటి రాదు. వేడి ఎక్కువ, ఆకు కదిలినా చెవులు నిక్కబొడుచుకుంటుంది. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోది దాని గొప్పతనం, లోపం కానేకాదు. అంత పదునైన చెవి, అంత పలచని చర్మం ఉన్న గుర్రానికి పిక్క ఒత్తిడి కూడా అక్కర్లేదు, రౌతు ఊపిరి మారితే చాలు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మన సామెత. అరబ్బు దగ్గర ఆ సామెత చెల్లదు, రౌతు మెత్తనైతేనే దాని నాలుగు కాళ్ళూ లయలో పడతాయి. రెండువేల మూడువందల ఏళ్ళ కిందట గ్రీకు జెనొఫోన్ రాసిన సవారీ గ్రంథంలోని సారమూ అదే: కొరడాతో ఆడించిన నర్తకిలో ఎంత అందం ఉంటుందో, బలవంతాన ఆడించిన గుర్రంలోనూ అంతే ఉంటుంది.

డ్రెస్సాజ్ అంటే జర్మనీ, నెదర్లాండ్స్ పెద్ద గుర్రాలేనని రాసిపెట్టి ఉన్నదా? 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ‘అబ్సెంట్’ కారకుమ్ ఎడారి జాతి అఖల్-టెకే. వియన్నా స్పానిష్ సవారీ పాఠశాలను కొలమానంగా చూపించేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. అక్కడి లిపిజానర్ తెల్ల గుర్రాలకు మూలపురుషులు ఆరుగురు. వాళ్ళలో ఒకటి, 1810లో పుట్టిన సిగ్లావీ, అచ్చమైన అరబ్బు. నేటికీ ఆ వంశపు పోతుగుర్రాల పేరులో మొదట సిగ్లావీ అనే ఉంటుంది, ఆ తర్వాతే తల్లి పేరు. షాండిలియర్ల కింద మోత్సార్ట్‌కు అడుగులు వేసే ఆ గుర్రాల్లో అరబ్బు నెత్తురు ఉన్నదని ఎవరికీ అభ్యంతరం లేదు. వాటికి ఎవరూ ఎడారి పాట పెట్టరు.

నా కోపానికి ఇంకో కారణం ఉంది. మా అమ్మాయి ఉండే అమెరికా ఊరి దగ్గర ఒక విశ్రాంత సంగీత ఉపాధ్యాయురాలు బూడిదరంగు అరబ్బు మీద సవారీ చేసేది. ఆవిడ ఫ్రీస్టైల్‌కు ఎంచుకున్నది బాఖ్ ఒంటి వయొలిన్‌కు రాసిన మూడో పార్టిటా: ట్రాట్‌కు గావోట్, క్యాంటర్‌కు జీగ్. వేరే ఏ వాద్యమూ లేదు, డప్పు లేదు. జీగ్‌లోని ఆరు మాత్రలను ఆ గుర్రం రెండు మూళ్ళుగా విడదీసుకుని పరిగెడుతుంటే, గాలిలోకి లేచే క్షణంలో కమాను కూడా తీగ మీంచి లేచినట్టుండేది. అంత చిన్న శరీరంలో అంత విశాలమైన లయ నేను మరెక్కడా చూడలేదు. స్థానిక పోటీలో న్యాయనిర్ణేత కాగితం మీద ఏమని రాశారో తెలుసా? గుర్రం జాతికి తగ్గ సంగీతం ఎంచుకుంటే బాగుండేదని! ఆ పక్క బరిలోనే కుచ్చులు వేలాడే ముఖమల్ దుస్తుల్లో, పూసల కళ్ళేలతో ‘దేశీయ వేషం’ పోటీ. అక్కడ చప్పట్లు ఆగలేదు. ఆవిడ కాగితం మడిచి జేబులో పెట్టుకుని గుర్రానికి కేరట్ తినిపించింది. నేను మాత్రం ఆ వాక్యాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

వయొలిన్ అరబ్బు జాతికి తగదట! ఐరోపాలో అరబ్బు జాతిని నిలబెట్టినవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సిన మనిషి వయొలిన్ విద్వాంసురాలు. లేడీ ఆన్ బ్లంట్. కవి బైరన్ మనుమరాలు, గణితవేత్త ఏడా లవ్‌లేస్ కూతురు. రస్కిన్ దగ్గర చిత్రలేఖనం నేర్చుకుంది. భర్త విల్‌ఫ్రిడ్‌తో కలిసి 1878లో ఇంగ్లండు ససెక్స్‌లో క్రాబెట్ అశ్వశాల స్థాపించింది. మరుసటి ఏడే గుర్రం మీద నజ్ద్ దాకా వెళ్ళి హాయిల్ ఎమీర్ గుర్రాలు చూసొచ్చింది. అరబ్బీ నేర్చుకుని, గుర్రాల వంశావళులు బదూయిన్ల నోటి నుంచే విని రాసుకుంది. ఈనాడు ప్రపంచమంతటా ఉన్న అరబ్బు గుర్రాల్లో క్రాబెట్ నెత్తురు లేనివి తక్కువ. 1883–84 శీతాకాలంలో భార్యాభర్తలు మన దేశానికి వచ్చి హైదరాబాదులోనూ ఆగారు. అప్పట్లో గల్ఫ్ రేవుల్లో ఓడలెక్కిన అరబ్బు గుర్రాలు బొంబాయిలో దిగి దక్కను దాకా వచ్చేవి.

ఆమె వయొలిన్ మామూలుది కాదు. క్రెమోనాలో 1721లో స్ట్రాడివారి చేసినది. దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆమె దగ్గర ఉంది. ఇప్పటికీ దాన్ని ‘లేడీ బ్లంట్’ అనే పిలుస్తారు. 2011లో వేలం వేస్తే 1.59 కోట్ల డాలర్లు పలికింది, ఆ డబ్బు జపాన్ భూకంప, సునామీ బాధితులకు వెళ్ళింది. అంతవరకూ సంతోషమే. కానీ ఆ వాద్యం గురించి రాసినవాళ్ళంతా మెచ్చుకునేది ఒక్కటే: ఎక్కువగా వాయించనందువల్ల మూడు శతాబ్దాలైనా కొత్తదానిలా ఉందని. ఆ మెప్పు నాకు గిట్టదు. ఆన్ బ్లంట్ గంటల తరబడి సాధన చేసిన మనిషి. నా చేతిలో ఉంటే ఆ వయొలిన్‌ను అద్దాల పెట్టెలోంచి తీయించి ఎవరో ఒక పాతికేళ్ళ పిల్లకు ఇస్తాను. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వాయించమంటాను. మొదట బాఖ్ జీగ్. గడ్డం ఆనే చోట వార్నిష్ అరిగిపోయినా సరే.