గుట్ట కింద ఫ్లోరిన్ పాఠం

యాదగిరిగుట్టకు వచ్చేవాళ్లంతా పైకి చూస్తారు. నాకు పని కింద ఉన్న ఒక హైస్కూల్లో పడింది. పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్పే సారు రసాయన బంధం పాఠాన్ని నీళ్ల సీసాలతో చెప్తారని విని వెళ్లాను. పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన సీసాల మీద పెన్నుతో రాసి ఉంది: నల్లా, బోరింగు, పొలం బోరు.

సారు ముందు బోర్డు మీద అంకెలు వేశారు. హైడ్రోజన్ 2.20, కార్బన్ 2.55, ఆక్సిజన్ 3.44, ఫ్లోరిన్ 3.98. ఇవి ఋణవిద్యుదాత్మకత విలువలు. బంధంలో పంచుకున్న ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు ఎంత గుంజుకుంటుందో చెప్తాయి.

"ఒక్క బాయి మీద అన్నదమ్ములిద్దరి మోటార్లున్నయి. ఒకటి మూడు హెచ్‌పీ, ఇంకోటి ఏడున్నర. నీళ్లు ఎటు ఎక్కువ పోతయి?"

"ఏడున్నర దిక్కే సార్!"

కార్బన్, హైడ్రోజన్‌ల మధ్య తేడా 0.35 మాత్రమే, పంపకం దాదాపు సమానం. ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య తేడా 1.24. ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు జరుగుతాయి. అక్కడ కొంత ఋణావేశం, హైడ్రోజన్ దగ్గర కొంత ధనావేశం ఏర్పడతాయి. ఇదే ధ్రువ బంధం. నీటి అణువు వంగి ఉంటుంది కాబట్టి ఈ లాగుడు రద్దు కాదు. కార్బన్ డయాక్సైడ్‌లోనూ ధ్రువ బంధాలే ఉన్నా, అణువు తిన్నగా ఉండడంతో రెండు వైపుల లాగుళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఈ గుట్ట ఉన్న ఉమ్మడి నల్లగొండ నేల కింద ఉన్నది గ్రానైటు. అందులోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల నుంచి ఫ్లోరిన్ అయాన్, అంటే ఫ్లోరైడ్, నీటిలోకి దిగుతుంది. నీటి అణువుల హైడ్రోజన్ కొసలు ఆ అయాన్‌ను చుట్టుముట్టి తమలో కలిపేసుకుంటాయి. మరిగించినా అది పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ గాఢత ఇంకా పెరుగుతుంది.

తర్వాత ఫ్లోరైడ్ టెస్ట్ కిట్ తెరిచారు. జిర్కోనియంతో కట్టిన ఎర్రటి రంగు ద్రావణాన్ని కొలిచి రెండు గొట్టాల్లో పోశారు. నల్లా నీళ్లు కలిపిన గొట్టంలో ఎరుపు నిలిచింది. పొలం బోరు నీళ్లు పడ్డ గొట్టంలో రంగు చూస్తుండగానే వెలిసింది. చార్టు పక్కన పెట్టి చూస్తే 1.5 గడి దాటింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ మన ప్రమాణం చెబుతోంది.

"రంగు ఎట్ల పోయింది సార్?"

రంగు అణువు జిర్కోనియాన్ని పట్టుకున్నది ఆక్సిజన్ పరమాణువులతో. జిర్కోనియం విలువ 1.33. ఆక్సిజన్‌తో తేడా 2.11, ఫ్లోరిన్‌తో 2.65. 1932లో లైనస్ పౌలింగ్ ఈ కొలమానాన్ని కట్టిందే బంధాల్లో కనిపించే అదనపు బలాన్ని బట్టి. తేడా ఎంత ఎక్కువుంటే ఆ అదనపు బలం అంత ఎక్కువ. ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాగేసుకుంది, రంగు విడిపోయి పలచబడింది.

ఇదే ఫ్లోరైడ్ ఒంట్లో కీడు చేస్తుంది. ఎముకలోని హైడ్రాక్సీ అపటైట్‌లో హైడ్రాక్సిల్ అయాన్ ఉండే చోట, దాదాపు అదే సైజున్న ఫ్లోరైడ్ వచ్చి కూర్చుంటుంది. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో చేరితే పళ్లకు గార పడుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది.

నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పట్టి బయటికి తీసేదీ ఈ గుంజుడే. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్'లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు. బ్లీచింగ్ క్రిములను చంపడానికే. పటికలోని అల్యూమినియం విలువ 1.61, ఫ్లోరిన్‌తో తేడా 2.37. సున్నం తోడై అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి ముద్దలుగా విరుగుతుంది, ఫ్లోరైడ్ వాటికి అంటుకుని అడుక్కు దిగుతుంది. మన ఉమ్మడి జిల్లా పేరుతోనే ఈ పద్ధతి టాంజానియా దాకా వెళ్లింది.

"ఆ మడ్డి ఏడ పారబోస్తరు సార్?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది.

ఈ పద్ధతిని నడిపిన ఊళ్లు ఎదుర్కొన్న ప్రశ్న అది. ఫ్లోరైడ్ చేయి మారిందే కానీ మాయం కాలేదు. మడ్డిని బావి గట్టునో చెరువులోనో పోస్తే మళ్లీ నీటిలోకే దారి వెతుక్కుంటుంది. ఇలాంటి చిక్కులతో బోరు నీళ్లను శుద్ధి చేయడం కంటే కృష్ణా, గోదావరి నీళ్లను పైపుల్లో ఊళ్లకు తేవడం మేలనుకున్నారు. ఆ అమ్మాయి సీసా మీద రాసి ఉన్నది: పొలం బోరు. "కూలికి పోయినప్పుడు అవే తాగుతం" అన్నది.