మొదటి గుండు

తేలికైన రైఫిలును చేతికెత్తుకొన్న మనిషి ముఖంలో ఒక సంతోషం కనబడుతుంది. కొండదారిలో రోజంతా నడవవలసిన వానికి ఆ సంతోషం న్యాయమైనదే. పది పౌన్ల తుపాకిని మోస్తూ దేవదారు చెట్ల నడుమ ఎక్కినవాడు ఏడు పౌన్ల తుపాకిని వరప్రసాదంగా భావించడంలో వింత లేదు. కాని తగ్గిన ఆ మూడు పౌన్లు ఎక్కడికి పోయినవని అడిగేవారు తక్కువ. అవి ఎక్కడికీ పోలేదు. కొంత వేటగాని భుజం మీదకు, కొంత అతని మనోనిబ్బరం మీదకు వచ్చి చేరినవి. ఆ రెండూ మోయలేని భాగం అతడు గురిపెట్టిన జంతువు మీద పడుతుంది.

మాది కుమావూన్ కొండసీమ. సైన్యంలో సుబేదారుగా పనిచేసి వచ్చిన మా నాన్నగారు, 1947లో స్వదేశానికి తిరిగిపోతున్న ఒక తేయాకు తోట దొర వద్ద 7 మిల్లీమీటర్ల రైఫిలు కొన్నారు. దానితో కాల్చడం నేను ఆయన వద్దనే నేర్చుకొన్నాను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత మా ఇంట వేట ముగిసినది. అందుకు నాకు విచారం లేదు. అయితే కొండలలో తుపాకి అవసరం మాత్రం పూర్తిగా తీరలేదు. మనుషులను పట్టే చిరుతను చంపక తప్పనప్పుడు అటవీశాఖవారు అనుమతిచ్చి పంపే వేటగాళ్ళు నేటికీ ఉన్నారు. పంటలను పాడుచేసే అడవిపందిని చంపడానికి 2016లో ఉత్తరాఖండ్‌లో కొంతకాలం చట్టమే వీలు కల్పించినది. ఎవరో ఒకరు ఈ పనికి పూనుకొనక తప్పదు. అట్టివారు తెలిసికొని ఉండవలసిన విషయాలు కొన్ని ఉన్నవి గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా సీమలో తేలిక రైఫిలు అనగానే జిమ్ కార్బెట్ గుర్తుకు వస్తాడు. చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ ఆయనకు ఒక .275 రిగ్బీ రైఫిలు బహూకరించినాడు. ఆ మాట చెక్కిన వెండి రేకు దాని కొయ్యకు అమర్చి ఉన్నది. .275 అనేది 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న పేరే. అంటే మా ఇంటి రైఫిలు తూటాయే అది. చిన్ననాడు మాకు ఇది గొప్ప గర్వకారణం. కాని ఆ పులిని చంపినది ఈ తుపాకితో కాదు. బహుమానం తరువాత వచ్చినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఆ పులి 436 మందిని పొట్టనపెట్టుకొన్నదని కార్బెట్ లెక్క. చచ్చిన పులి నోరు తెరచి చూస్తే కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నవి. ఒకటి సగానికి, ఒకటి ఎముక దాకా. అది పాత తుపాకి దెబ్బ ఫలితమనీ, అందుచేతనే తన సహజమైన ఆహారాన్ని వేటాడలేక మనుషుల మీద పడినదనీ ఆయన నిర్ణయించినాడు. ఆ తుపాకి ఎవరిదో చరిత్రలో లేదు. గుండు పులికి తగిలినది గనుక ఆ కాల్చినవాడు తన గురి తప్పలేదనే అనుకొని ఉండవచ్చు. అతని చేతిలోని పని కొంచెం పక్కకు పోయినది. దాని వెలను చంపావత్ చుట్టుపట్ల గడ్డి కోయడానికి పోయిన ఆడవారు చెల్లించినారు.

తేలిక రైఫిలును సమర్థించేవారు చెప్పే రెండవ పేరు డబ్ల్యు. డి. ఎమ్. బెల్. ఆఫ్రికాలో ఆయన వెయ్యికి పైగా ఏనుగులను చంపినాడు. అందులో ఎక్కువ భాగం ఈ చిన్న.275 తోనే. ఇంత చిన్న గుండు ఏనుగును పడగొట్టినప్పుడు మన అడవిపంది ఎంత అని వాదిస్తారు. అయితే బెల్ చేసిన మరొక పనిని వారు చెప్పరు. ఆయన ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడ ఉన్నదో, ఏ కోణాన నిలబడితే దానికి దారి దొరుకుతుందో చూచి తెలిసికొన్నాడు. ఆయన తుపాకి చిన్నదైనా ఆ తుపాకి వెనుకనున్న జ్ఞానం చిన్నది కాదు. ఆ జ్ఞానాన్ని వదలిపెట్టి తుపాకిని మాత్రం అరువు తెచ్చుకొంటే ఫలితం ఏమవుతుంది?

తేలిక రైఫిలు గుణదోషాలను కొంత లెక్కగా చెప్పుకొందాం. ఒకే తూటాను పది పౌన్ల తుపాకిలోను, ఏడు పౌన్ల తుపాకిలోను కాల్చితే, రెండవది భుజాన్ని తన్నే శక్తి సుమారు 40 శాతం ఎక్కువ. ఆ తాపు దేహానికి చేసే హాని స్వల్పమే. హాని చేసేది మనస్సుకు. రెండు మూడు మార్లు గట్టిగా తగిలిన తరువాత, మీట నొక్కబోయే క్షణంలో కన్ను దానంతట అదే మూసుకొంటుంది, చేయి బిగుసుకొంటుంది. ఈ ఉలికిపాటు ధైర్యవంతులకు కూడా వస్తుంది. పైగా తేలిక రైఫిలు గొట్టం సన్నగా ఉంటుంది గనుక త్వరగా వేడెక్కుతుంది. వరుసగా నాలుగైదు గుండ్లు కాల్చితే గొట్టం వేడికి గురి మెల్లగా జరిగిపోతుంది. వానకాలంలో చెమ్మ పట్టి కొయ్య ఉబ్బి, గొట్టాన్ని ఒక పక్కకు నెట్టినా అంతే.

అందుచేత మా నాన్నగారు గురి చూచే పద్ధతి వేరుగా ఉండేది. వానలు వెనుకబట్టగానే, మడువా కోసిన మెట్టచేనిలో 100 గజాల దూరాన ఒక కాగితం కట్టేవారు. తెల్లవారి చలిలో ఒక్క గుండు కాల్చి, తుపాకి తుడిచి లోపల పెట్టేవారు. మరునాడు అదే వేళకు అదే కాగితం మీద మరొకటి. మూడవ నాడు ఇంకొకటి. “ఒకే పూట మూడు కాల్చి చూడరాదా?” అని అడిగితే, “అడవిలో జంతువు ముందు నీకు దొరికేది చల్లని గొట్టంలోనుండి వచ్చే మొదటి గుండు, నాయనా. నాకు దాని సంగతి కావలెను. తక్కినవి నా కోసం కాగితం మీద అందంగా పడతవి, అంతే” అనేవారు. మూడు ఉదయాల గుండ్లు రెండంగుళాల వలయంలో పడితే ఆయనకు తృప్తి. అదే రైఫిలు 200 గజాల వద్ద నాలుగంగుళాలకు తక్కువ కాదు. దానికి మనిషి ఆయాసం, గాలి, తొందర కలుపుకొంటే ఘోరల్ వంటి చిన్న జంతువు గుండె ఉన్న తావు చాలదు. అందుకే 150 గజాలకు మించి ఆయన తుపాకి ఎత్తేవారు కారు.

కొండవారికి మరొక చిక్కు కలదు. గుండును కిందికి లాగే భూమ్యాకర్షణకు ఏటవాలు దూరంతో పనిలేదు, అడ్డదూరమే లెక్క. సరిగా సగం నిటారు వాలులో, 200 గజాల దూరాన కనిపించే జంతువు గుండు పాలిటికి 141 గజాలలోనే ఉన్నట్టు. ఇది తెలియనివాడు పైకైనా కిందికైనా దూరాన్ని చూచి గురి ఎత్తుతాడు; గుండు వీపు మీదుగా పోతుంది, లేదా వెన్నెముక పైభాగాన్ని గీచి పోతుంది.

ఇక తూటా సంగతి. దొర తుపాకితో పాటు రెండు రకాల పెట్టెలు ఇచ్చిపోయినాడు. ఒకదానిలో 140 గ్రెయినుల గుండ్లు. వాటి మొనను సీసం బయటపడి ఉంటుంది. రెండవదానిలో 173 గ్రెయినుల గుండ్లు. వాటికి కొన వరకు లోహపు తొడుగు. రెండూ ఆ తుపాకిలో పడతవి, రెండూ పేలుతవి. చాలమంది అంతటితో తృప్తిపడతారు. నాన్నగారు 140 గ్రెయినుల గుండుకు గురి సరిచేసిన తుపాకితోనే ఒక ఉదయం 173 గ్రెయినులది కాల్చి చూపినారు. అది బెత్తెడు కిందుగా, కొంచెం ఎడమకు పడినది. తుపాకి మారలేదు, మనిషి మారలేదు, గుండు మాత్రమే మారినది. గొట్టంలోని మెలికల గాడులు గుండును బొంగరం వలె తిప్పి తిన్నగా పంపుతవి. 7 మిల్లీమీటర్ల మౌజర్‌కు మొదట వాడినది పొడవైన 173 గ్రెయినుల గుండు. దానిని నిలబెట్టడానికి సుమారు 220 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిరిగే గాడులు తీసినారు. అవి పొడవైనదానినీ పొట్టిదానినీ కూడా నిలబెట్టగలవు. కాని రెండింటినీ ఒకే చోటికి పంపవు.

గుండు ఎక్కడ తగిలినదన్నది సగం ప్రశ్న. తగిలిన తరువాత ఏమి చేసినదన్నది తక్కిన సగం. సీసపు మొన గల గుండు దేహంలో పుట్టగొడుగు వలె విచ్చుకొని, తన శక్తిని అక్కడనే ఖర్చుచేస్తుంది. తొడుగు గల గుండు సన్నని బెజ్జం చేసికొని ఆవలకు పోతుంది. ఈ భేదాన్ని లోకానికి తెలియజేసినది కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారం. తొడుగు గుండ్లు శత్రువును ఆపడం లేదని సరిహద్దు పోరాటాలలో సైనికులు మొరపెట్టగా, 1890 దశకం చివర అక్కడ మొన తెరచిన గుండ్లు తయారైనవి. 1899లో హేగ్ నగరంలో సమావేశమైన దేశాలు అట్టి గుండ్లను యుద్ధంలో నిషేధించినవి. మనిషి విషయంలో అది దయ. జంతువు విషయంలో దయ దీనికి సరిగా విరుద్ధంగా ఉన్నది. ఇంగ్లండులోని 1991 నాటి జింకల చట్టం జింకను కాల్చే రైఫిలు గుండు విచ్చుకొనేదిగా ఉండవలెనని నిర్బంధించినది. సైనికుడు గాయపడితే వైద్యుడు ఉన్నాడు. గాయపడిన జింకకు రాత్రి మాత్రమే ఉన్నది.

మెత్తని మొన అన్నంతమాత్రాన చింత తీరదు. తేలికగా ఉండి మిక్కిలి వేగంగా పోయే గుండు దగ్గరి దూరంలో పంది భుజపుటెముక మీద పడితే పైపైననే చెదరిపోవచ్చు. అక్కడ నిదానంగా లోతుకు దిగే బరువైన మెత్తని గుండు మేలు. దూరాన, సన్నని జంతువుకు తేలికది మేలు. అయితే ఈ రెంటినీ జేబులో కలిపి పెట్టుకొన్నవాడు తన తుపాకిని తానే అపరిచితం చేసికొంటాడు. నాన్నగారు ఒక వేటకాలానికి ఒకే రకం, వీలైతే ఒకే పెట్టె వాడేవారు. తూటాలను ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టనిచ్చేవారు కారు. వేడెక్కిన మందు ఎక్కువ ఒత్తిడితో మండుతుంది. ఈ కారణం చేతనే ఇంగ్లీషు కంపెనీలు ఉష్ణదేశాలకు మందు తగ్గించి వేరుగా తూటాలు తయారుచేసేవి.

ఈ జాగ్రత్తలు చాదస్తమని నవ్వినవారు మా ఊళ్ళోనే ఉన్నారు. 1968 శీతాకాలంలో పొరుగూరి వేటగాడొకడు వచ్చి, “దాజ్యూ, ఆ గట్టి గుండ్లు మీకు అక్కర లేవు గదా, నాకు ఇప్పించండి” అని అడిగినాడు. మా కుమావూనీలో దాజ్యూ అంటే అన్నగారు. నాన్నగారు ఇవ్వలేదు. అతడు మరెక్కడో అట్టివే సంపాదించి, సాయంకాలపు మసక వెలుగులో బంగాళాదుంప చేనిలో ఒక పందిని కాల్చినాడు. గుండు కడుపులోనుండి ఆవలకు పోయినది. పంది పొదలలోకి పోయినది. చీకటి పడినదని అతడు ఇంటికి పోయినాడు. మూడవనాడు గడ్డి కోయబోయిన ఒక ఇల్లాలి మీదకు ఆ పంది లేచినది. ఆమె బ్రతికినది, కాని ఆ తొడ తరువాత ఎప్పుడూ తిన్నగా నిలవలేదు. గంప వీపున కట్టుకొని ఆమె కుంటుతూ ఎక్కడం నేను ఇరవై ఏళ్ళు చూచాను. నాన్నగారు ఆ వేటగానిని ఒక్క మాట అనలేదు. తుపాకి వేసికొని పోయి, నెత్తురు జాడ పట్టుకొని, పందిని వెదకి ముగించి వచ్చినారు.

నేటి వేటగానికి ఏరుకొనే అవకాశం తక్కువ. సైన్యపు .303 పౌరులకు నిషిద్ధమైన రకం. మన ప్రభుత్వ కర్మాగారాలలో తయారైన .315 రైఫిలు, దానికి 244 గ్రెయినుల మెత్తని మొన గుండు, ఇవే సామాన్యునికి అందినవి. ఎన్ని తూటాలు కొనవచ్చునో లైసెన్సులో వ్రాసి ఉంటుంది; అందులో అభ్యాసానికి ఖర్చుచేయడానికి ఎవరికి మనసు వస్తుంది? దాచిన తూటాలు పెట్టెలో ముసలివవుతవి. అవసరం వచ్చిన రాత్రి, చిరుత మేక మీద కూర్చున్నప్పుడు, ఏళ్ళ తరబడి కాల్చని తుపాకిలో ఎవరూ పరీక్షించని తూటా పెట్టి మీట నొక్కుతారు. దాని ఫలితం చిరుత ఒక్కటే అనుభవించదు.

కనుక అనుమతి వ్రాసి ఇచ్చే అధికారులకు నాదొక మనవి. పోయేవాని లైసెన్సును, కీర్తిని, పాత ఫొటోలను చూడండి, వద్దనను. వాటితో పాటు ఒక కాగితం అడగండి. అడవికి తీసికొనిపోయే తుపాకితోనే, ఆ తూటాల పెట్టెలోనుండే తీసి, మూడు ఉదయాలు చల్లని గొట్టంతో కాల్చిన మూడు రంధ్రాలు దానిమీద ఉండవలెను. అందుకు ఖర్చు మూడు తూటాలు. ఆ మూడింటిని ప్రభుత్వమే ఇవ్వవచ్చు.