నీటి యణువును జూచుట

2005వ సంవత్సరమున, మేము ఉపాధ్యాయవృత్తిలో క్రొత్తగా బ్రవేశించిన దినములలో, ఏడవ తరగతి బాలుడొకడు లేచి, "అయ్యా, నీటి అణువు నెవరైన జూచినారా?" యని యడిగెను. "చూడలేదు, చూడజాలరు, కూర్చుండుము" అని గద్దించితిమి. తర్కసంగ్రహము వల్లించిన గర్వము మాది. గవాక్షపు టెండలో దోచు రేణువు ప్రత్యక్షము, అంతకు సూక్ష్మమైనది యనుమేయమే యని నిశ్చింతగా నుంటిమి. ఆ బాలుడు కూర్చుండెను. ఆ యేడాది మఱి యే ప్రశ్నయు నడుగలేదు.

మా మాట యప్పటికి మూడేండ్ల క్రిందటనే యబద్ధమైనదని మాకు చాల కాలమునకు గాని తెలియలేదు.

1981లో జ్యూరిచ్ నగరమున బిన్నిగ్, రోరర్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులొక యంత్రమును గల్పించిరి. 1986లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. అందలి లోహపుసూది కొన యొక్క పరమాణువంత సన్నము. అది లోహపుఫలకమును దాకదు. దాకకయే నడుమనున్న శూన్యమును దాటి స్వల్పముగా విద్యుత్తు ప్రవహించును. ఎడము మిల్లీమీటరులో కోటియవ వంతు తగ్గినచో ప్రవాహము సుమారు పదిరెట్లగును. సూదిని వరుసవెంబడి నడపి యీ హెచ్చుతగ్గులను గుర్తించినచో నది చిత్రమగును.

2002లో అమెరికాయందలి బర్క్లీ ప్రయోగశాలలో నీ సూదితోనే పలాడియము అను లోహముపై నీటిని బరీక్షించిరి. సున్నకు దిగువ 233 డిగ్రీల చలి! అంతకు వెచ్చనైనచో నణువు లొకచోట నిలిచి సూదికి జిక్కవు. ఆ చలిలో నొక్కొక్క యణువు విడివిడిగా గూర్చుండి, అప్పుడప్పుడు ప్రక్కచోటికి గంతువేయుచుండెను. రెండు కలసికొని జంటయైనచో బరువెక్కి నెమ్మదించునని మేమనుకొందుము. అట్లు కాలేదు. జంట, ఒంటరి యణువుకంటె వేలరెట్లు వేగముగా బరుగెత్తెను. సంసారులగు చదువరులు నవ్వుదురు గాక! మూడు నాలుగు కూడినవియు జురుకే. అయిదు చేరినచో మందగించెను. ఆఱు చేరి వలయమైనచో స్థిరపడెను. అట్టి వలయములే పెరిగి తేనెపట్టు గదులవలె నల్లుకొనెను. జంటలో నొకటి లోహమును గట్టిగా బట్టుకొనును, రెండవది మొదటిదాని నాశ్రయించి యుండును. ఈ రెండును దమ పాత్రలను మార్చుకొనుటచే గదలిక సులువగునని తరువాతివారు గణించి చెప్పిరి.

మొన్న నీ చిత్రమును దరగతిలో జూపితిమి. వెనుకబల్లనుండి యొక బాలిక, "ఇది చూచుట యెట్లగునండీ? సూది తడవి చెప్పినదేగదా!" యనెను. ప్రత్యక్షమా, అనుమానమా? మాకును వెంటనే తోచలేదు. ఆ బాలికను బిలిచి సుద్దముక్క చేతికిచ్చి, నల్లబల్లపై సూదిని గీయుమంటిమి. గంట గొట్టినను పిల్లలెవరును లేవలేదు.