స్పాక్ నవ్వాడా, లేదా?

సినిమా హీరోల కోసం కొట్టుకోవడం మన జిల్లాకు కొత్తేం కాదు. రామారావా, నాగేశ్వరరావా అన్న ప్రశ్న మీద ఏళ్ళ తరబడి మాటలు మానేసిన బావామరుదుల్ని నేనెరుగుదును. కానీ అసలు ఈ భూమ్మీదే పుట్టని ఒక పాత్ర కోసం, అదీ ఆ పాత్ర మాట్లాడే ఇంగ్లీషు సగం కూడా బుర్రకెక్కని కుర్రాళ్ళు జుట్లు పట్టుకున్నారంటే నమ్ముతారా? ఆత్మకూరులో మేం పట్టుకున్నాం. మాలో అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడిది మాత్రం ఉదయగిరి.

ఆ పాత్ర పేరు మిస్టర్ స్పాక్. కోసుగా నిలబడ్డ చెవులు, పైకి లేచిన కనుబొమలు, నవ్వని మొహం. తండ్రిది వల్కన్ గ్రహం, తల్లిది మన భూమి. లెనార్డ్ నిమోయ్ అనే నటుడు వేశాడు. ‘స్టార్ ట్రెక్’ అమెరికాలో 1966 సెప్టెంబరు 8న మొదలై, 79 భాగాలు నడిచి 1969లో ఆగిపోయింది. రెండో ఏడాదే ఆపేస్తారన్న మాట పుట్టినప్పుడు అక్కడి అభిమానులు బస్తాల కొద్దీ ఉత్తరాలు రాసి మూడో ఏడాది సంపాదించుకున్నారట. అంత పిచ్చి! అది మన దూరదర్శన్‌కి వచ్చేసరికి 1980ల నడిమికాలమైంది. ఆదివారం పొద్దున వేసేవాళ్ళు.

వేయడం సరే, కనబడాలి గదా! మా వీధిలో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఆ ఇంటి పెద్దాయన వీధి పిలకాయలందరికీ మామ. మిద్దె మీద పొడుగాటి పైపు, దానికి యాంటెన్నా, కింద బూస్టరు - ఇంత హంగు చేసినా తెర మీద ఇసుక పోసినట్టే ఉండేది. ఉదయగిరి కుర్రాడు మా ఊళ్ళో రేడియో రిపేరు షాపులో పని నేర్చుకుంటుండేవాడు. మిద్దె ఎక్కి పైపు తిప్పే డ్యూటీ వాడిది. “వచ్చిందా?”, “పోయింది”, “ఇప్పుడు?”, “అట్నే పట్టుకో!” - మొదటి పావుగంటా ఇదే డైలాగు. నాది తర్జుమా డ్యూటీ. ఇంటర్ చదివిన పాపానికి మామ నన్ను తన కుర్చీ పక్కనే కూర్చోబెట్టేవాడు. బ్లాక్ అండ్ వైట్ పెట్టె కావడంతో, స్పాక్ నెత్తురు ఆకుపచ్చన అన్న సంగతి కూడా మాకు చాలా ఏళ్ళు తెలీదు.

పోట్లాట ఎక్కడ వచ్చిందంటే, పాత్ర మారుతుందా మారదా అన్న దగ్గర. నాది మారదన్న పార్టీ. నా వాదానికి బలం కెప్టెన్ కిర్కే. ఒక కథలో ఆయన గతకాలంలోకి వెళ్ళి ఒక అమ్మాయిని ప్రాణంగా ప్రేమిస్తాడు. లోకం నిలవాలంటే ఆమె చావక తప్పదని తెలిసి, కళ్ళ ముందే చావనిస్తాడు. అది అమెరికాలో వచ్చింది 1967 ఏప్రిల్ 6న. సరిగ్గా వారం తిరక్కుండానే, 13న వచ్చిన కథలో ఆయన సొంత అన్న పోతాడు. ఆ కథలో ఈ అమ్మాయి ఊసే లేదు! ఆ తర్వాతి కథల్లో అన్న ఊసూ లేదు. ఏ వారం చూసినవాడికైనా కథ అర్థం కావాలి, ఏ భాగం ముందు వేసినా చెల్లాలి అన్నది టీవీ వాళ్ళ లెక్క. అందుకని శనివారం రాత్రి అందరూ మడిచి పెట్టిన చొక్కాల్లా మళ్ళీ మొదటికి వచ్చేస్తారు. ఇందులో పాత్ర పెరగడం ఎక్కడ?

“మారనోడి కత వారం వారం ఏందిరా చూసేది?” అనేవాడు మామ. 1987లో రామాయణం మొదలయ్యాక ఆ మాట అనడం మానేశాడు!

ఉదయగిరివాడిది స్పాక్ మారాడన్న పార్టీ. ఒక కథలో స్పాక్ తన చేతుల్తోనే కెప్టెన్ని చంపేశానని అనుకుంటాడు. ఓడకి తిరిగొస్తే కెప్టెన్ నిక్షేపంలా నిలబడి ఉంటాడు. అంతే! రెండు చేతులూ పట్టుకుని, మొహం చేటంత చేసుకుని నవ్వుతాడు. మరుక్షణం సర్దుకుంటాడనుకోండి. “నవ్వినాడా లేదా?” అని మావాడు. “పై వారం మళ్ళీ నవ్వినాడా?” అని నేను. “నవ్వినోడు నవ్వనట్టు ఉండటం వేరు, అసలు నవ్వు తెలీనోడు వేరు సామీ” అనేవాడు. మొట్టమొదట తీసిన ప్రయోగ భాగంలో స్పాక్ హాయిగా నవ్వేస్తాడు, అది తర్వాతి ఒక కథలో గతం కింద అతికించారు. అంటే వయసు పెరిగేకొద్దీ నవ్వు మానుకున్నాడన్నమాట! నన్నడిగితే, అప్పటికింకా ఆ పాత్ర నిమోయ్ చేతికి చిక్కలేదు, అంతకంటే రహస్యం లేదు.

అన్నట్టు, 1991 జూలైలో ‘ఆదిత్య 369’ వచ్చింది. తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు పుట్టింది ఉదయగిరిలో. ఇంక మావాణ్ణి పట్టగలమా! కాలయంత్రం ఎక్కిన బాలకృష్ణ రాయల కొలువులో దిగుతాడు గదా. 1514లో ఉదయగిరి దుర్గం గెలిచిన కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్ళి, విజయనగరంలో గుడి కట్టి 1515లో నిలబెట్టాడు. “మా ఊరి బాలకృష్ణుడు ఎప్పుడో ఒకసారి హంపీ పోయినాడు, ఇది రెండో ట్రిప్పు” అని మావాడు హాల్లోనే గట్టిగా అన్నాడు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి మరీ నవ్వారు. ఆ సినిమా నాకు ప్రాణం. కాని పాత్ర సంగతికొస్తే, రాయల కాలమైనా 2504 అయినా కథానాయకుడు అదే మనిషి. కాలం మారుతుంది, ఆయన మారడు. “రెండున్నర గంటల్లో మనిషి యాడ మారతాడు? టైము చాలదు” అని మావాడు వెనకేసుకొచ్చాడు. ఊరి అభిమానం మరి!

ఇంతకీ వాడికి స్పాక్ అంటే ఎందుకంత పట్టుదలో చెప్పాలి. వాళ్ళ నాయన కొయ్య చెంచాలు చెక్కే పనివాడు. ఉదయగిరి చెంచాల పేరు మీరు వినే ఉంటారు. ఉలి పట్టాల్సిన చెయ్యి సోల్డరింగ్ ఐరన్ పట్టిందని ఆయనకి కోపం. కొడుకు పండక్కి ఇంటికి పోతే, “వాడు అన్నం తిన్నాడేమో అడుగు” అని భార్యకి చెప్పేవాడట, వాడు ఎదురుగ్గా కూర్చునుండగానే.

ఒక ఆదివారం వచ్చిన కథలో ఒక వల్కన్ రాయబారి భార్యతో ఓడ ఎక్కుతాడు. ఓడ చూపించమని కెప్టెన్ స్పాక్‌ని పురమాయిస్తే, ఆ పెద్దమనిషి వేరే ఎవరినైనా పంపమంటాడు. నేనింకా తర్జుమా మొదలు పెట్టలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మావాడు, “నాయన రా ఆయన” అన్నాడు.

“నీకెట్టా తెలుసు?”

“పరాయోడైతే మొగం తిప్పుకోడు.”

నిజంగానే తండ్రి. తన దారిలో సైన్సు అకాడమీకి పోకుండా ఓడలెక్కాడని 18 ఏళ్ళుగా కొడుకుతో తండ్రిలా మాట్లాడని మనిషి. చివరికి కొడుకు నెత్తురిచ్చి బతికిస్తాడు. తెలివొచ్చాక ఆ తండ్రి కొడుక్కి కృతజ్ఞత చెప్పడు. ఇద్దరూ ఒకటై ఆ తల్లినే ఆటపట్టిస్తారు. మామ ఇంట్లో అందరూ నవ్వారు, మావాడు తప్ప. వాడు లేచి మిద్దె మీదికి పోయాడు. బొమ్మ బాగానే వస్తున్నా పైపు తిప్పుతూ కూర్చున్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత 1986 నాటి ‘స్టార్ ట్రెక్’ నాలుగో సినిమా చూశాను. అదే తండ్రి, 1967లో వేసిన మార్క్ లెనార్డే, కొడుకు ముందు నిలబడి, అప్పట్లో నువ్వు ఓడలెక్కడం వద్దన్నాను, ఆ నిర్ణయం సరికాకపోయి ఉండవచ్చు అన్న అర్థంలో ఒక మాటంటాడు. అంతే, రెండు ముక్కలు. మా వాదాలన్నీ స్పాక్ చుట్టూ తిరిగాయిగానీ, మారినవాడు ఆయన. వెంటనే ఉదయగిరికి ఫోన్ చేశాను. అప్పటికి మావాడు సొంత షాపు పెట్టుకున్నాడు.

“మా నాయన కూడా పిలిచినాడు” అన్నాడు. ఇంట్లో టీవీ చెడిపోతే, ఊళ్ళో ఇంకో ఇద్దరు మెకానిక్కులున్నా, వీడికే కబురంపాడట. వీడు వెనక మూత విప్పి పని చేస్తున్నంతసేపూ ఆయన టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట లేదు. బొమ్మ వచ్చాక, “మెకానిక్కుకి ఎంతియ్యాలో అడుగు” అని భార్యతో అన్నాడు.

“అయితే మారినట్టే గదా!” అన్నాను.

“యాడ మారినాడు? అట్నే ఉండాడు” అన్నాడు. చూశారా, ఇన్నేళ్ళకి పార్టీలు తారుమారయ్యాయి.

“డబ్బులు తీసుకున్నావా?”

“తీసుకోకుంటే ఇంకోసారి పిలవడు గదా.”

ఆ ఏడాది ఆ టీవీ మరో మూడుసార్లు చెడిపోయింది.