కొట్టాడా? తాగుతాడా?

"కొట్టాడా?"
"లేదు."
"తాగుతాడా?"
"లేదు."
"బయట ఎవరైనా ఉన్నారా?"
"లేదు ఖాలా."
"మరింకేం ముసీబత్ నీకు?"

2023 మొదట్లో ఈ నాలుగు సవాళ్లకు ఎంతమందికి జవాబు చెప్పానో లెక్క లేదు. ఖాలా అడిగింది, ఫుప్పూ అడిగింది. ఖాజీ సాబ్ కాస్త మర్యాదగా అడిగారు. వకీలు ఫీజు తీసుకుని మరీ అడిగాడు. అబ్బా మాత్రం ఏమీ అడగలేదు. అదే అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

నా శౌహర్ నాతో మాట్లాడేవాడు కాదు. అంతే నా కేసు. ఎనిమిదేళ్ల కాపురంలో ఒక్కోసారి రెండేసి నెలలు మాట ఉండేది కాదు. దస్తర్‌ఖాన్ దగ్గర ఎదురుగా కూర్చుని, "మీ అమ్మీని సాలన్ ఇటు జరపమను" అని నాలుగేళ్ల మున్నీతో చెప్పించేవాడు. నేను గదిలోకి వస్తే లేచి బయటికి పోయేవాడు. ఏం తప్పు చేశానో చెప్పమని ఎంత ఏడ్చినా ఫోను చూసుకుంటూ ఉండేవాడు. దెబ్బ అయితే చెయ్యి చాపి చూపించొచ్చు. దీన్ని ఎక్కడ చూపించను?

నంద్యాలలో మా పుట్టింటికి వచ్చాక, బడిలో ఒకరోజు బోర్డు మీద కిరణజన్య సంయోగక్రియ రాస్తూ మధ్యలో ఆగిపోయానంట. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయానంట. పిల్లలు నవ్వలేదు. ఆ సంగతి తెలిసాకే నాకు భయం వేసింది. తోటి టీచరమ్మ స్టాఫ్‌రూమ్‌లో ఒక చీటీ మీద 14416 అని రాసిచ్చింది. సర్కారు వాళ్ల టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టారు. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి దుప్పటి లోపల నుంచి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి నేను ఏడవడం అయ్యేదాకా ఆగి, "నిద్ర పడుతోందా అక్కా?" అంది. పడట్లేదన్నాను. ముందు డాక్టర్‌ని కలవమంది.

కర్నూలులో సైకియాట్రిస్టు దగ్గరికి పోయాను. ఆయన దగ్గర పది నిమిషాలు. నిద్రకు, గాబరాకు గోలీలు రాశారు. ఆ గోలీలు పనిచేశాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి, రెండు వారాలకు నిద్ర వచ్చింది. కానీ మాట్లాడాలంటే సైకాలజిస్టు కావాలి, అది వేరే పని అని ఆయనే చెప్పారు. అప్పటిదాకా నాకు ఇద్దరూ ఒకటే. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, కూర్చుని మాట్లాడతారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబరు అడగడానికి సిగ్గు పడక్కర్లేదు. నేను సిగ్గుపడి అడగలేదు, అందుకే ఇద్దరి దగ్గర టైమూ పైసలూ పోగొట్టుకున్నాను.

మొదటామె పేరుకు కౌన్సిలరే. భార్యాభర్తలను కలపడమే ఆమె ఎరిగిన పని. కోర్టుల్లో కౌన్సెలింగ్ అన్నా ముందు రాజీకే ప్రయత్నిస్తారు కదా, ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే అలా ఉంది. ఆమె మంచిదే. కానీ నేను కాళ్లు విరిగి పోతే ఆమె నన్ను పరుగు నేర్చుకోమంది.

రెండో ఆమె మన ఖౌమ్ ఆమే, ఆన్‌లైన్‌లో దొరికింది. తెర మీద హిజాబ్ చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇక ఏదీ మొదట్నుంచి చెప్పక్కర్లేదు అనుకున్నాను. నేను నోరు తెరవకముందే, "నమాజ్ పాబందీగా చదువుతున్నారా?" అంది. చదువుతున్నానన్నాను. "మరి దిల్‌కు సుకూన్ ఎందుకు లేదు?" అంది. ఆ రాత్రి ముసల్లా మీద కూర్చుంటే దుఆ రాలేదు. నా ఈమాన్‌లోనే ఏదో ఖరాబీ ఉందేమోనని కొత్త గాబరా పట్టుకుంది. అన్నాళ్లూ అదొక్కటే నాకు మిగిలిన ఆసరా, దాన్నీ కదిపింది ఆమె. హజ్రత్ యాకూబ్ (అలైహిస్సలామ్) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడ్డాయని ఖురాన్‌లోనే ఉంది, ఆయన ఈమాన్‌ను ఎవరు శంకించారు? ఈ జవాబు ఆ రోజు తోచలేదు. నాకెప్పుడూ జవాబులు మూడు రోజుల తర్వాత తోస్తాయి.

మూడో ఆమె హైదరాబాద్‌లో ఉంటారు, హిందువులు. గంటకు పన్నెండు వందలు. నా జీతం తెలిసాక ఏడు వందలు చేశారు. ఆమె కోసం ఒక ఫైలు తయారుచేసుకున్నాను: అతనికి నేను పంపిన మెసేజీల ప్రింట్లు, జవాబు రాని తేదీలకు ఎర్ర ఇంకు గీతలు, మా సాస్‌తో అన్న మాటలు, జహేజ్ లిస్టు. ఫోన్ కెమెరాకు ఒక్కో కాగితం ఎత్తి చూపడం మొదలుపెట్టాను. మూడో కాగితం దగ్గర ఆమె, "అది పక్కన పెట్టండమ్మా. నాకు సాక్ష్యం అక్కర్లేదు. మీకు కష్టంగా ఉందని మీరు చెప్తే చాలు" అన్నారు.

ఆ గంటలో మిగిలిన నలభై నిమిషాలు నేను ఏడవడం తప్ప ఏమీ చేయలేదు. ఏడు వందలు దానికే.

తర్వాత ఒక రాత్రి హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి.) భార్య గుర్తొచ్చింది. బుఖారీ షరీఫ్‌లో ఉన్న హదీసే, మదరసాలో విన్నదే. ఆమె రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) దగ్గరికి వచ్చి, అతని అఖ్లాక్‌లో గానీ దీన్‌లో గానీ నాకు ఐబు కనిపించడం లేదు, కానీ ఉండలేను అని చెప్పుకుంది. మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగిస్తావా అని అడిగారు. ఇస్తానంది. విడిపోవడానికి దారి దొరికింది. కొట్టాడా, తాగుతాడా అన్న సవాలే అందులో లేదు. ఇదే మాట ఖాలాకు చెప్తే, "అది ఆ జమానా" అంది. మిగతా హదీసులన్నీ ఈ జమానావి కాబోలు.

ఏప్రిల్ ఆఖర్లో ఖులా అయింది, మెహర్ తిరిగిచ్చేశాను. ఇద్దత్‌లో సగం ఎండాకాలం సెలవుల్లో గడిచింది, మిగతా సగానికి సెలవు పెట్టాను. ఇద్దత్ అంటే ఏమిటని ఆ మేడమ్ అడిగారు. మూడు హైజ్‌ల గడువు, ఇంట్లోనే ఉండాలి అని చెప్పాను. ఆమె రాసుకున్నారు. "ఆ గడువు మీకు జైలులా ఉందా, సెలవులా ఉందా?" అని అడిగారు. ఎవరూ అలా అడగలేదు నన్ను. ఆలోచించి, "రెండూ" అన్నాను. ఇంట్లో తొమ్మిది మంది. అసర్ నమాజ్ అయ్యాక మిద్దె మీదికి పోయి, వడియాల గుడ్డ పక్కన సెగకు కూర్చుని ఫోన్‌లో మాట్లాడేదాన్ని. ట్రైనింగ్ క్లాసని అమ్మీకి చెప్పాను. ఇద్దత్‌లో ఝూట్ చెప్తున్నానే అని అదొక బాధ.

అబద్ధం ఊరికే చెప్పలేదు. మున్నీ నా దగ్గర ఉండాలంటే "ఆమెకు మెంటల్, ట్రీట్‌మెంట్ తీసుకుంటోంది" అన్న మాట అవతలి వాళ్ల చెవిన పడకూడదు. ఈ ఖౌఫ్‌తోనే మన ఇళ్లలో ఎంతమంది ఆగిపోతున్నారో. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నా విషయాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత చూసేవాళ్ల మీద ఉంది. జబ్బు ఉందన్న ఒక్క కారణంతో మతి స్థిమితం లేని మనిషని తేల్చడానికీ లేదు, అది కోర్టు చెప్పాల్సిన మాట. ఇది వకీలును రెండోసారి అడిగితే చెప్పాడు. మొదటిసారే చెప్పి ఉండొచ్చు.

ఇద్దత్ అయిపోయిన రోజు ఇంట్లో ఖీర్ చేశారు. అందరికీ కథ అయిపోయింది. నాకు అప్పుడే మొదలైంది. రాత్రి పదికి వీధిలో స్కూటర్ ఆగితే కడుపులో తిప్పేది, అతనిది కాకపోయినా. ఇంకోటి ఎవరికీ చెప్పలేనిది: మా సాస్ యాద్ వచ్చేది. అతను మాట్లాడని నెలల్లో నా తలకు నూనె రాసి, పక్కన కూర్చుని బగారా బైంగన్‌కు మసాలా నూరిన మనిషి ఆమె. కొడుకును వదిలి వచ్చి అత్త కోసం ఏడిస్తే లోగాఁ క్యా బోల్తే? మేడమ్‌కు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆమెకు ఏం చెప్పాలనుంది?" అన్నారు. ఆ ఒక్క సంగతి మీద మూడు గంటలు మాట్లాడుకున్నాం, మూడు వారాల్లో. ఈదుల్ అజ్హాకు ఫోన్ చేద్దామనుకుని చేయలేదు. ఇంకా చేయలేదు.

అమ్మీకి ఎలా తెలిసిందంటే, మున్నీ చెప్పేసింది. "అమ్మీ ట్రైనింగ్‌లో ఏడుస్తుంది" అని. అమ్మీ మిద్దె మీదికొచ్చి వడియాల గుడ్డ మడుస్తూ చాలాసేపు ఏమీ అనలేదు.

"పాగల్ డాక్టరా?"

"కాదమ్మీ. మాట్లాడతారంతే."

"ఎంత తీసుకుంటారు?"

చెప్పాను. ఏడు వందలా అని నోరు నొక్కుకుంది. గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని మెట్ల దాకా పోయి ఆగింది. మా అబ్బా దుబాయ్‌లో ఉన్న పదకొండేళ్లు, మా దాదీ ఇంట్లో అమ్మీ ఎలా బతికిందో నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఉన్కు ఉర్దూ ఆతీ క్యా?" అంది, నా వైపు తిరగకుండానే.

"రాదమ్మీ. తెలుగే."

"తెలుగులో నాకు అంత మాట్లాడటం రాదే" అని దిగిపోయింది.

ఉర్దూ వచ్చిన ఆమె కోసం ఇప్పుడు వెతుకుతున్నాను. ఈసారి రిజిస్ట్రేషన్ నంబరు ముందే అడుగుతున్నాను.